ఉండుట – కలిగియుండుట

ఆంగ్లభాష నేర్చుకొను విద్యార్థిని పెద్ద పెద్ద మాటలు అంతగా బాధింపవు. అవి అరుదుగ వచ్చును. వచ్చినప్పుడు నిఘంటువు తెరచిన అర్థము దొరకును. ఆ ఒక్క అర్థముతో పని తీరును. నిజముగ చిక్కు పెట్టునవి పొట్టి మాటలు. నాలుగు ఆంగ్లాక్షరములకు మించని ‘హావ్’, ‘గెట్’, ‘డు’, ‘బి’ వంటి క్రియలు పుటకు పదిసార్లు ఎదురగును. ఎదురైనప్పుడెల్ల క్రొత్త వేషము కట్టును. నిఘంటువు తెరచిన ఒక అర్థమునకు బదులు ఇరువది అర్థములు కనబడును. ఆ ఇరువదిలో తనకు కావలసినది ఏదో విద్యార్థికి తెలియదు. తెలియనందున మొదట కనబడిన అర్థమును పట్టుకొని, దానినే అన్నిచోట్లను అతికించును.

ఈ పొట్టి క్రియలలో తెలుగు విద్యార్థికి ‘హావ్’ అన్నిటికంటె గడుసుది. ‘గో’ అనగా పోవుట, ‘కమ్’ అనగా వచ్చుట, ‘ఈట్’ అనగా తినుట. వీనికి తెలుగున సరియైన జంటపదములు కలవు. ‘హావ్’కు అట్టి జంటపదము లేదు. లేనిదానిని ఉన్నట్లు చూపుటకై తరగతిగదిలో ఒక మాట సిద్ధము చేయబడినది. ‘హావ్ అనగా కలిగియుండు’ అని నల్లబల్లపై వ్రాయుట, పిల్లలు పదిమార్లు వల్లించుట తరతరములుగ సాగుచున్న పద్ధతి. చూచుటకు ఇది చిన్న విషయము. కాని ఈ ఒక్క సమీకరణము వలన ఒకేసారి రెండు భాషలు చెడుచున్నవి.

ఎట్లు చెడుచున్నవో చూడవచ్చును. ఇంటియొద్ద “నాకు ఇద్దరు తమ్ముళ్ళు ఉన్నారు” అని చక్కగ చెప్పు బాలుడు, అనువాదమునకు కూర్చుండగనే “నేను ఇద్దరు తమ్ముళ్ళను కలిగియున్నాను” అని వ్రాయును. వాని అవ్వగాని తాతగాని ఎన్నడును అట్లు మాటాడలేదు. ఇది తెలుగునకు కలిగిన చెరుపు. అదే బాలుడు ఆంగ్లమున వ్రాయునప్పుడు ‘కలిగి’, ‘ఉన్నాను’ అను రెండు ముక్కలను విడివిడిగ మార్చి “ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్” అని వ్రాయును. ఇది ఆంగ్లమునకు కలిగిన చెరుపు. ఈ రెండవ వాక్యము భారతదేశమున ఇతర భాషలవారి నోటను వినబడుచున్నది. వారి వారి భాషలలో దానికి వేరు కారణములు ఉండవచ్చును. తెలుగువానికి మాత్రము ‘కలిగియున్నాను’ అను మాటయే అందులకు నేరుగ దారి చూపుచున్నది.

కావున ‘హావ్’ అను క్రియ ఎక్కడనుండి వచ్చినది, ఏమేమి పనులు చేయుచున్నది, ఆ పనులను తెలుగు ఏ ఉపాయములతో నెరవేర్చుకొనుచున్నది అను మూడు ప్రశ్నలను విచారించుట ఉపాధ్యాయులకు, విద్యార్థులకు లాభకరము.

‘హావ్’ అచ్చమైన జర్మానిక కుటుంబపు మాట. ప్రాచీనాంగ్లమున దీని రూపము ‘హబ్బన్’. జర్మను భాషలో ‘హాబెన్’, డచ్చి భాషలో ‘హెబ్బెన్’ అను క్రియలు దీని తోబుట్టువులు. ఈ మాటలన్నిటికిని వెనుక, ఇండో యూరోపియను మూలభాషలో ‘పట్టుకొను’ అను అర్థముగల ధాతువొకటి కలదని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. ఆ ధాతువు ‘క’కారముతో మొదలై ‘ప’కారముతో ముగియునట్టిది. లాటిను భాషలో ‘పట్టుకొనుట’ అను అర్థమున వాడబడు ‘కపెరె’ అను క్రియలో ఆ ధ్వనులు నేటికిని చెక్కుచెదరక నిలిచియున్నవి.

‘క’కారము ‘హ’కారమెట్లైనది అను ప్రశ్నకు జర్మను పండితుడు యాకొబ్ గ్రిమ్ 1822లో ప్రకటించిన ధ్వనిసూత్రము సమాధానము చెప్పుచున్నది. లాటిను మొదలగు భాషలలోని ‘క’కారము జర్మానిక భాషలలో ‘హ’కారమగును, ‘ప’కారము ‘ఫ’కారమగును, ‘త’కారము నాలుక కొనను పండ్లకు తాకించి పలుకు ఊష్మధ్వని యగును. లాటినున ‘కోర్నూ’ అనగా కొమ్ము. అదియే ఆంగ్లమున ‘హార్న్’. లాటినున ‘కెంతుమ్’ అనగా నూరు. ఆంగ్లమున ‘హండ్రెడ్’లోని తొలిభాగము అదియే. సంస్కృతము చదివినవారికి ‘పితృ’ శబ్దమునకును ‘ఫాదర్’కును, ‘పాద’ శబ్దమునకును ‘ఫుట్’కును గల చుట్టరికము ఈ సూత్రము వలననే స్పష్టమగును. ‘హబ్బన్’లో చివరి ధ్వని ‘ఫ’ కాక ‘బ’ యైనదేమి అను సందేహమును తరువాతి కాలమున డెన్మార్కు పండితుడు కార్ల్ వెర్నర్ తీర్చినాడు. ఉదాత్త స్వరము ఏ అక్షరముపై పడునో దానినిబట్టి ధ్వని మారునని అతడు చూపినాడు. అందుకు అతనికి ఆధారమైనవి వేదభాషలోని స్వరములే.

ఇచ్చట ఒక వినోదకరమైన విషయము కలదు. లాటిను భాషలోనే ‘హబెరె’ అను మరొక క్రియ కలదు. దాని అర్థమును ‘హావ్’ అర్థమే. దాని ధ్వనియు ఇంచుమించు ‘హావ్’ ధ్వనియే. చూచినవారెల్ల ఈ రెండును ఒకే తల్లి బిడ్డలని అనుకొందురు. కాని కావు. గ్రిమ్ సూత్రము ప్రకారము ఆంగ్లపు ‘హ’కారమునకు లాటినున ‘క’కారము ఉండవలెను గాని ‘హ’కారము ఉండరాదు. లాటిను ‘హబెరె’కు ఆంగ్లమున నిజమైన చుట్టము, ఎక్కువమంది పండితుల అభిప్రాయమున, ‘ఇచ్చుట’ అను అర్థముగల ‘గివ్’ అను క్రియ. రూపములో కవలలవలె ఉన్నవి పరాయివి. ఏ పోలికయు లేనట్టి ‘ఇచ్చుట’, ‘ఉంచుకొనుట’ అనునవి రక్తబంధువులు. చెవికి ఒకటిగ వినబడినంత మాత్రమున రెండు పదములకు బంధుత్వము కట్టరాదని విద్యార్థులకు బోధించుటకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదు.

నిజమైన బంధువుల పట్టికయు చిన్నది కాదు. లాటిను ‘కపెరె’ సంతానమైన ‘కాప్టివ్’, ‘కాప్చర్’, ‘కెపాసిటీ’ అను మాటలు ఫ్రెంచి లాటినుల మీదుగా ఆంగ్లమున ప్రవేశించినవి. క్రికెట్టు ఆడు ప్రతి బాలునికిని తెలిసిన ‘క్యాచ్’ కూడ ఆ వంశములోనిదే. బరువు అను అర్థముగల ‘హెవీ’, ఎత్తుట అను అర్థముగల ‘హీవ్’ అనునవి జర్మానిక శాఖకు చెందిన దాయాదులు. అనగా బంతిని పట్టుకొనుటయు, ఇద్దరు తమ్ముళ్ళు ఉండుటయు ఆంగ్లభాషలో దూరపు చుట్టములన్నమాట.

ఇందులో ‘హావ్’ యొక్క స్వభావమంతయు ఇమిడియున్నది. మొదట అది చేతిపని. చేతితో పట్టుకొన్న వస్తువు చేతిలో ఉండును. చేతిలో ఉన్నది తనదగును. తనదైనది చేతిలో లేకున్నను తనదే. ఈ మూడు మెట్లు దిగి ‘పట్టుకొను’ అను క్రియ ‘స్వంతమై యుండు’ అను అర్థమునకు చేరినది. ఈ ప్రయాణము ఆంగ్లమునకే పరిమితము కాదు. లాటినునుండి పుట్టిన స్పానిషు భాషలో ‘హబెరె’ సంతానము సహాయక క్రియగ మిగిలిపోగా, స్వామ్యమును తెలుపుటకు ‘తెనేర్’ అను వేరొక క్రియ వచ్చి కూర్చున్నది. దాని పూర్వార్థమును ‘పట్టుకొనుట’యే.

రూపములలో ‘హాజ్’, ‘హాడ్’ అనునవి విద్యార్థులను కలవరపెట్టును. ‘లవ్’కు ‘లవ్డ్’ అయినట్లు ‘హావ్’కు ‘హావ్డ్’ ఏల కాలేదని తెలివిగల పిల్లలు అడుగుదురు. అడుగుట న్యాయమే. ప్రాచీనాంగ్లమున భూతకాల రూపములో ‘వ’కారధ్వని ఉండెడిది. నిత్యము వాడబడు మాట నాణెమువలె అరుగును. అట్లు అరిగి ‘వ’కారము జారిపోగా ‘హాడ్’ మిగిలినది. ‘హెడ్’, ‘లార్డ్’, ‘లేడీ’ అను మాటలలోను ఇట్లే పూర్వపు ‘వ’కారము లోపించినది. అది నియమోల్లంఘనము కాదు, నిత్యవ్యవహారమున కలిగిన అరుగుదల అని చెప్పిన పిల్లల మనస్సు కుదుటపడును.

ఇక ‘హావ్’ వంటి క్రియ లేకుండుట తెలుగునకు కొరతయా అను ప్రశ్న వచ్చును. ఈ ప్రశ్నకు ప్రపంచభాషలే సమాధానము చెప్పుచున్నవి. సంస్కృతమున ‘మమ పుత్రః అస్తి’ అందురు. ‘నాయొక్క పుత్రుడు ఉన్నాడు’ అని దాని మాటవరుస. లాటినున ‘హబెరె’ ఉన్నను, ‘మిహి ఎస్త్’ అనగా ‘నాకు ఉన్నది’ అను పద్ధతియు వాడుకలో ఉండెడిది. రష్యనులు నేటికిని ‘నాయొద్ద ఉన్నది’ అను తీరుననే చెప్పుదురు. హీబ్రూలో ‘నాకు ఉన్నది’ అను తీరే. ఐరిషు భాషలో వస్తువు మనుష్యుని ‘యొద్ద’ ఉండును. హిందీ, తమిళ, కన్నడములు సరేసరి.

ఫ్రెంచి భాషావేత్త ఎమిల్ బెన్వెనిస్త్ 1960లో ప్రకటించిన వ్యాసములో ఈ సంగతిని లోతుగ విచారించినాడు. ‘ఉండుట’తో స్వామ్యమును తెలుపు భాషలే ప్రపంచమున ఎక్కువయనియు, ‘హావ్’ వంటి క్రియ అరుదనియు, అట్టి క్రియ నిజమునకు తలక్రిందు చేయబడిన ‘ఉండు’ ధాతువేయనియు అతడు వాదించినాడు. 2005లో వెలువడిన ప్రపంచ భాషానిర్మాణ పటములో లియోన్ స్టాసెన్ ఈ విషయమున 240 భాషలను పరిశీలించి చూపినాడు. వానిలో ‘హావ్’ వంటి క్రియతో స్వామ్యమును తెలుపునవి 63 మాత్రమే. తక్కిన 177 భాషలును వేరు మార్గములు తొక్కినవి. కావున తెలుగు ఈ విషయమున వెనుకబడిన భాష కాదు. పెద్ద గుంపుతో కలిసి నడుచుచున్న భాష.

తెలుగు తొక్కిన మార్గము ఎంత సున్నితమైనదో గమనింపదగినది. ఆంగ్లము అన్నిటికిని ‘హావ్’ అను ఒకే గంప చాలుననుకొన్నది. తెలుగు ఆ గంపలోని సరకును విభక్తులతోను, ఉపపదములతోను వేరుపరచినది. బంధుత్వమునకును, అవయవములకును, ఆస్తికిని ‘కు’ వర్ణకము వచ్చును: “నాకు ఇద్దరు తమ్ముళ్ళు ఉన్నారు”, “ఆవునకు నాలుగు కాళ్ళు ఉన్నవి”, “ఆయనకు రెండెకరముల పొలమున్నది”. చేతిలోనో సంచిలోనో ఉండు వస్తువునకు ‘యొద్ద’, ‘దగ్గర’ అనునవి వచ్చును: “నా దగ్గర పది రూపాయలు ఉన్నవి”. లోపల ఇమిడియుండు దానికి ‘లో’ వచ్చును: “ఈ ఇంటిలో మూడు గదులు ఉన్నవి”, “ఆ పిల్లవానిలో చురుకుదనమున్నది”. తాత్కాలికముగ పట్టుకొను వ్యాధికి ‘ఉండు’ కూడ అక్కరలేదు: “నాకు జ్వరము వచ్చినది”.

ఈ భేదము కేవలము అలంకారము కాదు, అర్థమును నిర్ణయించునట్టిది. “ఐ హావ్ హిజ్ అంబ్రెల్లా” అని ఆంగ్లేయుడు చెప్పినప్పుడు, గొడుగు ఇతరునిది, చేతిలో ఉన్నది తనకు అను సంగతి ‘హిజ్’ అను మాట వలననే తెలియవలెను. ‘హావ్’ ఏమియు చెప్పదు. తెలుగువాడు “ఆయన గొడుగు నా దగ్గర ఉన్నది” అనును. ‘నాకు ఉన్నది’ అనడు. ‘దగ్గర’ అను మాటయే అది స్వంతము కాదనుటకు చోటిచ్చుచున్నది. “నాకు పొలమున్నది” అనుటకు బదులు “నా దగ్గర పొలమున్నది” అనిన వినువానికి ఎబ్బెట్టుగ ఉండును. పొలము సంచిలో పట్టునది కాదు. ఐదేండ్ల పిల్లవాడు ఎవరును నేర్పకయే ఈ భేదమును పాటించును. అట్టి పిల్లవానికి పదేండ్లు రాగానే ‘కలిగియుండు’ అను ఒకే మాట నేర్పి, ఆ భేదమును మరపించుట విద్య అనిపించుకొనదు.

‘కలిగియుండు’ తెలుగుమాట కాదా అని ఎవరైన అడుగవచ్చును. తెలుగుమాటయే. ‘బుద్ధిగల పిల్లవాడు’, ‘గుణము కలిగిన ఇల్లాలు’ అను ప్రయోగములు భాషలో సహజముగ ఉన్నవి. చిక్కు అంతయు ‘కలుగు’ ధాతువు యొక్క స్వభావమును మరచుటలో ఉన్నది. ‘కలుగు’ అనగా పుట్టుట, ఏర్పడుట, ఉండుట. అది అకర్మకము. “నాకు సంతోషము కలిగినది” అన్నప్పుడు కలుగునది సంతోషము. ‘నేను’ ఆ సంతోషము చేరు చోటు మాత్రమే. ‘గుణము కలిగిన’ అన్నప్పుడును కలిగినది గుణమే. అకర్మక క్రియకు కర్మ ఉండదు. కర్మ లేనిచోట ద్వితీయా విభక్తికి పని లేదు. ఐనను “ముగ్గురు పిల్లలను కలిగియున్నాడు”, “రెండు కిటికీలను కలిగియున్నది” అని వ్రాయుచున్నారు. ఆ ‘ను’ తెలుగు కాదు. ఆంగ్లపు ‘హావ్’ వెనుక వచ్చు కర్మకు వేసిన తెలుగు తొడుగు. సకర్మకము కావలెనన్న తెలుగున ‘కలిగించు’ కలదు. కాని దాని అర్థము వేరు.

ఈ ధాతువునుండియే పుట్టిన మరొక జంట ఆలోచింపదగినది. సంపదకు ‘కలిమి’, దారిద్ర్యమునకు ‘లేమి’ అని తెలుగున పేర్లు. ధనికుడు ‘కలవాడు’ లేక ‘ఉన్నవాడు’, పేద ‘లేనివాడు’. ఆంగ్లము సమాజమును ‘హావ్స్’, ‘హావ్ నాట్స్’ అని విభజించినప్పుడు పట్టుకొన్నవారు, పట్టుకొననివారు అను భావము అడుగున ఉన్నది. తెలుగు అదే విభజనను ‘ఉండుట’, ‘లేకుండుట’ అను మాటలతో చేసినది. ‘లేనివాడు’ అను మాటను విడదీసి చూచిన, ధనము లేనివాడు అసలే లేనివానితో సమానమను లోకరీతి అందులో తోపక మానదు.

ఐనను దీనినుండి అతివిశ్వాసమునకు పోరాదు. ‘హావ్’ ఉన్న జాతులు ఆశాపరులనియు, అది లేని జాతులు నిస్సంగులనియు కొందరు తలపోయుదురు. 1976లో ఎరిక్ ఫ్రాం ‘టు హావ్ ఆర్ టు బి’ అను గ్రంథములో కలిగియుండు జీవనమునకును, ఉండు జీవనమునకును గల భేదమును చర్చించుచు, అనేక భాషలలో ‘హావ్’ వంటి క్రియ లేని సంగతిని కూడ ప్రస్తావించినాడు. ఆలోచన ఆకర్షకమైనదే. కాని ‘హావ్’ లేని తెలుగునాట పొలముగట్ల తగాదాలకు, దాయాదుల వ్యాజ్యములకు ఏనాడును కొదవ లేదు. వ్యాకరణమునుబట్టి జాతిశీలమును తూచుట పొరపాటు. వ్యాకరణము తెలుపునది ఒక్కటే: ఒకే లోకమును రెండు భాషలు రెండు దిక్కులనుండి చూచినవి.

ఆ రెండు దిక్కులు తెలిసిన పిమ్మట ‘హావ్’ యొక్క తక్కిన వేషములు సులభముగ అర్థమగును. మొదటిది సహాయక క్రియ. “ఐ హావ్ రిటెన్ ది లెటర్” అను వాక్యములో ఏమియు ‘కలిగి’ ఉండుట లేదుగదా అని విద్యార్థి కలతపడును. పూర్వము ఉండెడిది. ‘ఉత్తరము, వ్రాయబడినదిగ, నాయొద్ద ఉన్నది’ అనునదే ఆ నిర్మాణపు తొలి అర్థము. ప్రాచీనాంగ్లమున ‘వ్రాయబడిన’ అను విశేషణమునకు కొన్నిచోట్ల ఉత్తరమును అనుసరించు విభక్తిప్రత్యయము కూడ చేరెడిది. క్రమముగ ఆ ప్రత్యయము రాలిపోయి, విశేషణము ‘హావ్’ ప్రక్కకు జరిగి, రెండును కలిసి ఒకే క్రియయైనవి. పోవుట, వచ్చుట వంటి అకర్మక క్రియలకు మాత్రము ఆంగ్లేయులు చిరకాలము ‘ఉండు’ ధాతువునే వాడినారు. ‘హీ ఈజ్ గాన్’ అను ప్రయోగము దాని అవశేషము. తెలుగు ఈ పనిని ‘వ్రాసియున్నాను’, ‘వచ్చియున్నాడు’ అని ‘ఉండు’ ధాతువుతోనే చేయుచున్నది.

ఇచ్చట ఉపాధ్యాయుడు ముఖ్యముగ హెచ్చరింపవలసిన దోషమొకటి కలదు. తెలుగున “నిన్న చూచినాను”, “ఇదివరకే చూచినాను” అని రెండుచోట్లను ఒకే రూపము చెల్లును. ఆంగ్లమున చెల్లదు. ‘నిన్న’, ‘పోయిన యేడు’ అని గడచిన కాలమును గురుతు పెట్టి చెప్పినప్పుడు ‘హావ్’ రారాదు. “ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్డే” అనుట తప్పు. ఆ నిర్మాణము పుట్టుకలోనే దీనికి కారణమున్నది. ‘హావ్’ వర్తమానక్రియ; పని గతమైనను దాని ఫలము నేడు చేతిలో ఉన్నదని చెప్పుటకే అది ఏర్పడినది. పుట్టుక తెలిసిన విద్యార్థికి నియమమును వల్లింపవలసిన పని ఉండదు.

రెండవ వేషము విధి. “ఐ హావ్ ఎ లెటర్ టు రైట్” అనగా వ్రాయవలసిన ఉత్తరమొకటి ఉన్నది అని. మాటల వరుస మారి “ఐ హావ్ టు రైట్ ఎ లెటర్” అయినప్పుడు ఉండుట మరుగుపడి, తప్పనిసరి అను భావము పైకి వచ్చినది. తెలుగువారికి ఇది వింతగ తోపరాదు. ‘వ్రాయవలసిన ఉత్తరమున్నది’ అనునది ‘ఉత్తరము వ్రాయవలసియున్నది’ అగుట ఇదే నడక. ఫ్రెంచివారు ఇంకొక అడుగు ముందుకు వేసినారు. లాటినున ‘పాడవలసియున్నది’ అను అర్థమిచ్చిన ‘కంతారె హబెయో’ అను జంట ముద్దయై, ఫ్రెంచిలో ‘పాడుదును’ అను భవిష్యత్ క్రియగ మారినది. నేటి కర్తవ్యమే రేపటి క్రియ యగుననుటకు వ్యాకరణమే సాక్ష్యమిచ్చుచున్నది.

మూడవ వేషము ప్రేరణము. “ఐ హాడ్ మై హెయిర్ కట్” అనగా క్షవరము చేయించుకొన్నాను అని. తెలుగు ‘ఇంచు’ అను ప్రత్యయముతో తేలికగ చెప్పు పనికి ఆంగ్లము ‘హావ్’ను ఆశ్రయించినది. ఇది తెలియక “ఐ కట్ మై హెయిర్” అని వ్రాయు విద్యార్థి, మంగలిని విడిచి తానే కత్తెర పట్టినట్లు చెప్పుచున్నాడు. చేయించు, వేయించు, కుట్టించు అను క్రియలు కనబడినప్పుడెల్ల ఆంగ్లమున ‘హావ్’ను గాని ‘గెట్’ను గాని తలచుకొనవలెనని చెప్పిన ఈ దోషము తొలగును.

నాలుగవ వేషము అనుభవము. భోజనము చేయుట, కాఫీ త్రాగుట, స్నానము చేయుట, ఒకసారి చూచుట, ఇవియన్నియు ‘హావ్’తో చెప్పబడును. ‘హావింగ్’ న్యాయముగ వాడదగినది ఇచ్చటనే. “హీ ఈజ్ హావింగ్ లంచ్” అనునది నిర్దుష్టము. భోజనము జరుగుచున్న పని. “హీ ఈజ్ హావింగ్ ఎ హౌస్” అనునది దోషము. ఇల్లు ఉండుట పని కాదు, స్థితి. జరుగుచున్నదా, ఉన్నదా అని తెలుగున ఒక ప్రశ్న వేసికొన్న చాలును. జవాబు ‘జరుగుచున్నది’ ఐన ‘హావింగ్’ రావచ్చును. ‘ఉన్నది’ ఐన రారాదు.

ఉచ్చారణ విషయమున రెండు మాటలు చాలును. వాక్యమధ్యమున ‘హావ్’ బలహీనపడి ‘అవ్’ అని వినబడును. అందుచేత ఆంగ్లేయుల పిల్లలే ‘కుడ్ హావ్’ అనుటకు ‘కుడ్ ఆఫ్’ అని తప్పు వ్రాయుచుందురు. విధ్యర్థమున ‘హావ్ టు’ అనునది ‘హాఫ్ టు’ అని పలుకబడును. రెండు అను అర్థమున ‘హావ్ టూ’ అన్నప్పుడు మాత్రము ‘వ’కారము నిలుచును. ప్రశ్నలో వెనుకటి బ్రిటిషు పాఠ్యగ్రంథములు నేర్పిన “హావ్ యు ఎ పెన్” అను తీరు నేడు అరుదు. “డు యు హావ్ ఎ పెన్” అనునదే ఇప్పుడు సర్వత్ర చెల్లుచున్నది.

ఇన్ని వేషములను ‘కలిగియుండు’ అను ఒక్క మాట మోయజాలదు. కావున బోధనలో చేయవలసిన మార్పు స్పష్టము. పదమునకు పదమును కాక, వాక్యమునకు వాక్యమును జతపరుపవలెను. “ఐ హావ్ టూ బ్రదర్స్” ఎదుట “నాకు ఇద్దరు తమ్ముళ్ళు ఉన్నారు” అని వ్రాసి, రెండింటిలోను కర్త ఎవరో పిల్లల చేతనే గుర్తింపజేయవలెను. ఆంగ్లమున కర్త ‘ఐ’. తెలుగున కర్త ‘తమ్ముళ్ళు’. అందుచేతనే తెలుగున క్రియ తమ్ముళ్ళను అనుసరించి బహువచనమైనది. ఆంగ్లమున ‘ఐ’ని అనుసరించినది. రైతునకు రెండు ఆవులున్నవన్నప్పుడు ‘హాజ్’ అనవలసినచోట ‘హావ్’ అను పిల్లవాడు, బహుశః ఆవుల సంఖ్యను చూచి క్రియను నిర్ణయించుచున్నాడు. వాని తప్పు అజ్ఞానము వలన కాక, తెలుగు వ్యాకరణమును నిష్ఠగ పాటించుట వలన పుట్టినదని గుర్తించిన ఉపాధ్యాయుడు బెత్తము వంక చూడడు.

స్వామ్యము, సహాయకము, విధి, ప్రేరణము, అనుభవము అను ఐదింటిని ఐదు వేరు పాఠములుగ చెప్పుట మేలు. పిమ్మట తిరుగుపని చేయింపవలెను. ‘హావ్’ ఉన్న పది ఆంగ్లవాక్యములిచ్చి, వానిలో ఏది ‘కు’తో, ఏది ‘దగ్గర’తో, ఏది ‘లో’తో, ఏది ‘ఇంచు’తో తెలుగున దిగునో పిల్లలను చెప్పుమనవలెను. ఈ పని ఆంగ్లోపాధ్యాయుడు, తెలుగు పండితుడు కలిసి చేసిన మరింత శోభించును. ఒకే గంటలో విభక్తి పాఠమును, ఆంగ్లక్రియా పాఠమును నడచును.

ఈ జాగ్రత్త ఇప్పుడు మునుపటికంటె ఎక్కువ అవసరము. పూర్వము ‘కలిగియున్నాను’ అనునది అనువాదపు గంటలో మాత్రమే వినబడెడిది. నేడు యంత్రములు అనువాదము చేయుచున్నవి. ప్రకటనలలోను, వస్తువులతో వచ్చు సూచనాపత్రములలోను, పిల్లలు చదువు విజ్ఞానవ్యాసములలోను “ఈ జంతువు పొడవైన తోకను కలిగి ఉంది” వంటి వాక్యములు కుప్పలు తెప్పలుగ కనబడుచున్నవి. ‘ఈ జంతువునకు తోక పొడవు’ అని నాలుగు మాటలలో తేలిపోవు సంగతి అది. అచ్చులో పదేపదే కనబడినది శిష్టమనియు, ఇంటిలో వినబడినది మోటనియు పిల్లలు తలపోయుదురు. అట్లు తలపోసిన నాడు వారు కోల్పోవునది ఒక విభక్తిప్రత్యయము మాత్రమే కాదు. తల్లి నేర్పిన వాక్యముపైగల నమ్మకము.

ఆంగ్లమును చక్కగ నేర్వవలెను; అందులకు ‘హావ్’ను దాని పుట్టుకతో, దాని పనులతో నేర్వవలెను. దానికై తెలుగును వంచవలసిన అవసరము లేదు. “నాకు ఇద్దరు తమ్ముళ్ళు ఉన్నారు” అను వాక్యమును నిర్భయముగ వ్రాయగలిగిన విద్యార్థియే “ఐ హావ్ టూ బ్రదర్స్” అనుటను కూడ తప్పులేకుండ వ్రాయగలుగును. రెండు వాక్యముల నడుమగల ఎడమును చూపుటయే ఉపాధ్యాయుని పని. ఆ ఎడమును కప్పిపుచ్చు మాట ఏదైనను, అది ఎంత పాతదైనను, నల్లబల్లపైనుండి తుడిచివేయుట మంచిది.